ముందు చెప్పించండి, తర్వాత చూపించండి

డోరేమాన్ కార్టూన్‌లో నోబితా నెత్తికి ఒక బుల్లి ఫ్యాన్ తగిలించుకుని ఇళ్ల మీదుగా ఎగిరిపోతుంటాడు. ఇంట్లో బడికెళ్లే వయసు పిల్లలుంటే ఆ ఫ్యాన్‌ని మీరూ చూసే ఉంటారు. ఈసారి అది తెరమీదకొచ్చినప్పుడు బొమ్మ ఆపి ఒక్క మాట అడగండి: "దీన్ని నిజంగా నీ నెత్తికి పెడితే ఏమవుతుంది?"

"ఎగురుతా" అంటారు. దాదాపు అందరూ అనే మాటే అది. అప్పుడు ఇంకో మాట కదపండి: "ఫ్యాన్ కుడివైపు తిరుగుతుంటే నువ్వు ఎటు తిరుగుతావు?" తానూ తిరగాల్సి వస్తుందన్న ఊహే పిల్లలకు అంతవరకూ వచ్చి ఉండదు. దగ్గర్లో తిరిగే కుర్చీ ఉంటే అందులో కూర్చోబెట్టి, కాళ్లు పైకెత్తించి, భుజాల్ని ఒక్కసారిగా కుడికి తిప్పమనండి. కుర్చీ ఎడమకు జరుగుతుంది. హెలికాప్టర్‌దీ ఇదే తంటా. పైన పెద్ద రెక్క ఒకవైపు తిరుగుతుంటే కింద ఒళ్లు రెండోవైపు తిరగబోతుంది. దాన్ని ఆపడానికే తోక చివర ఆ చిన్న రెక్క. పెళ్లిళ్లలో వీడియో తీసే డ్రోన్‌కు తోక లేదు కాబట్టి నాలుగు రెక్కల్లో రెండు ఇటు, రెండు అటు తిరుగుతాయి. నోబితాకు తోకా లేదు, నాలుగు రెక్కలూ లేవు. పైగా ఒంటి బరువంతా మెడమీదే వేలాడుతుంది.

సూరత్‌లో లింబాయత్ వైపు ఒక నేత కార్మికుడి ఇంట్లో ఈ ముచ్చట నడుస్తుంటే, ఐదో తరగతి చదివే బిడ్డ తండ్రిని అడిగింది:

"బాపూ, మరి హెలికాప్టర్ ఎందుకు గిర్రున తిరుగది?"

"దాని తోకకు శిన్న ఫ్యాన్ ఉంటది సూడు. గదెందుకు పెట్టిన్రో నువ్వే సోచాయించు."

ఆయన చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. అయినా సైన్సు మాస్టార్లలో చాలామంది చేయని పని చేశాడు. జవాబు తెలిసి కూడా చెప్పకుండా బిడ్డకే వదిలేశాడు.

ఈ అధ్యాయం అలాంటి తల్లిదండ్రుల కోసమే. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మగ్గాల పని వెతుక్కుంటూ తాపీ నది ఒడ్డుకు చేరిన కుటుంబాలు సూరత్‌లో తరాలుగా ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బస్సు బోర్డుమీద గుజరాతీ, ఫోన్‌లో నాలుగు భాషల బొమ్మలు. ఈ కలగాపులగంలో పెరుగుతున్న పిల్లలకు సైన్సు ఎలా చెప్పాలని అడిగితే తల్లిదండ్రులు ముందుగా అనేది, "మాకేం తెలుసు సార్, మేం చదువుకోలేదు" అని. చదువుకున్నవాళ్లు ఇంకో మాట అంటారు: "మంచి ఎడ్యుకేషనల్ చానెల్ పెట్టిచ్చాం, అదే చూస్తున్నాడు." నా లెక్కలో రెండోదే ఎక్కువ ప్రమాదం.

ఎందుకో చెప్తాను. యూట్యూబ్‌లో వెరిటాసియం చానెల్ నడిపే డెరెక్ ముల్లర్ ఆ చానెల్ మొదలుపెట్టకముందు ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయంలో సరిగ్గా ఈ విషయం మీదే పరిశోధన చేశాడు. 2008లో డాక్టరేట్ వచ్చింది. భౌతికశాస్త్రం వీడియోలు చూసినవాళ్లు నిజంగా నేర్చుకుంటున్నారా అన్నది ఆయన ప్రశ్న. ఒక గుంపుకు తప్పు లేకుండా, చక్కగా, సూటిగా వివరించే వీడియో చూపించాడు. "చాలా బాగుంది, స్పష్టంగా అర్థమైంది" అన్నారు. పరీక్ష పెడితే మార్కులు పెద్దగా పెరగలేదు. ఇంకో గుంపుకు చూపించిన వీడియోలో ఇద్దరు మాట్లాడుకుంటారు. ఒకరు మనందరికీ ఉండే తప్పుడు అభిప్రాయమే చెబుతారు, రెండోవాళ్లు అది ఎక్కడ పొరపాటో తేలుస్తారు. చూసినవాళ్లు గందరగోళంగా ఉందన్నారు. కానీ మార్కులు మాత్రం వాళ్లకే బాగా పెరిగాయి.

దీని వెనక కిటుకు ఇది. పిల్లవాడి బుర్ర ఖాళీగా ఉండదు. ప్రతిదానికీ అక్కడ ముందే ఒక వివరణ కూర్చుని ఉంటుంది. చక్కటి వీడియో వచ్చినప్పుడు, "ఇదే కదా నేననుకునేది" అనుకుని ఆ పాత వివరణనే ఇంకాస్త గట్టిగా పట్టుకుంటాడు. తెరమీద చెప్పింది వేరు, తాననుకుంటున్నది వేరు అన్న సంగతి వాడికి తట్టదు. నమ్మకం లేకపోతే క్రికెట్ బంతిని పైకి విసిరి మీ వాడిని అడగండి: "చేతిలోంచి వదిలాక, పైకి పోతున్నంతసేపూ బంతిని ఏ బలం ఎటు లాగుతోంది?" "విసిరిన బలం పైకి తోస్తోంది, అది అయిపోయాక కిందికి పడుతుంది" అంటాడు. పెద్దవాళ్లూ ఇదే అంటారు. నిజానికి చెయ్యి వదిలిన క్షణం నుంచీ, గాలి ఆపేది పక్కన పెడితే, దానిమీద ఉన్నది భూమి కిందికి లాగే బలం ఒక్కటే. పైకి పోయేది వేగం, బలం కాదు. పదో తరగతి పాస్ అయినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు, ఎందుకంటే ఎవరూ వాళ్లను ముందు నోరు తెరిపించలేదు.

అందుకని పద్ధతి ఒక్కటే: ముందు చెప్పించండి, తర్వాత చూపించండి. తప్పు చెప్పినా దిద్దకండి. "అట్లనా? చూద్దాం" అని ప్లే నొక్కండి. పందెం కాసినవాడే ఆట శ్రద్ధగా చూస్తాడు. మధ్యలో మలుపు దగ్గర ఒకసారి ఆపి, "ఇప్పుడేమవుద్ది?" అనండి. ఒక వీడియోకు ఒకటి రెండుసార్లు చాలు. అంతకుమించి ఆపితే పిల్లలు మిమ్మల్ని చూడగానే ఫోన్ దాచేస్తారు. వీడియో హిందీలో ఉన్నా, గుజరాతీలో ఉన్నా మీరు మీ ఇంటి తెలుగులోనే అడగండి. వాడి సొంత ఆలోచన బయటికొచ్చేది ఆ భాషలోనే.

చూసిందే మళ్లీ మళ్లీ చూస్తున్నాడని విసుక్కోకండి. అమెరికాలో చిన్నపిల్లల కోసం "బ్లూస్ క్లూస్" అని ఒక కార్యక్రమం వచ్చేది. ఒకే భాగాన్ని వరసగా ఐదు రోజులు వేసేవాళ్లు. పిల్లలు విసుగెత్తిపోతారనుకుంటాం కదా, పరిశోధకులు చూస్తే తలకిందులుగా ఉంది. రోజులు గడిచేకొద్దీ వాళ్లకు ఎక్కువ అర్థమవుతూ, తెరతో ఎక్కువ మాట్లాడుతూ వచ్చారు. మొదటిసారి కథ, రెండోసారి ఎందుకు, మూడోసారి ఎలా. కాబట్టి వారానికి ఒకే మంచి వీడియో పెట్టుకోండి.

1969లో మొదలైన "సెసమీ స్ట్రీట్" తయారీదారులది ఇంకో తెలివి. ఎపిసోడ్ బయటికి పంపకముందు దాన్ని పిల్లలకు టీవీలో వేసి, పక్కనే ఏడున్నర సెకన్లకొకసారి మారిపోయే రంగుల స్లైడ్లు వేసేవాళ్లు. పిల్లలు ఏ క్షణంలో టీవీ వదిలి స్లైడ్ల వైపు తల తిప్పారో రాసుకుని, ఆ ముక్కను మార్చేవాళ్లు. వాళ్లు తెరను వదిలేసి పిల్లల కళ్లను చూశారు. మీరూ అదే చేయండి. మీవాడు ఎక్కడ నవ్వాడు, ఎక్కడ దిక్కులు చూశాడు అన్నది ఆ చానెల్‌కున్న లక్షల వ్యూస్ కన్నా మీకు పనికొచ్చే సమాచారం. (రెండేళ్లలోపు పసివాళ్లకు మాత్రం ఇవేవీ వద్దు. తెరమీద చూసి నేర్చుకోవడం వాళ్లకు కష్టం. వీడియో కాల్‌లో అమ్మమ్మతో మాట్లాడించడం తప్ప ఆ వయసుకు తెర పనికిరాదని పిల్లల డాక్టర్లూ అంటున్నారు.)

ఇక సినిమాలు. తెలుగువాళ్లకు సినిమాను మించిన సైన్సు ల్యాబ్ లేదని నా గట్టి అభిప్రాయం. సినిమాలో సైన్సు సరిగ్గా ఉంటుందని కాదు, ఘోరంగా తప్పుతుంది కాబట్టి. "బాహుబలి 2" (2017)లో తాటిచెట్లను వంచి, డాళ్లు కప్పుకున్న సైనికులను కోటగోడ మీదుగా విసురుతారు. హాల్లో ఈలలు వేశాం. ఇంట్లో ఆ సీన్ వచ్చినప్పుడు పిల్లలకు ప్లాస్టిక్ స్కేలు, ఒక రబ్బరు ముక్క ఇవ్వండి. ఎంత వంచితే ఎంత దూరం పోతోంది? ఏ వాలులో వదిలితే ఎక్కువ దూరం? అదంతా ఒక పూట ఆట. అసలు ప్రశ్న దిగేటప్పుడు. అంత వేగంతో రాతినేల మీద పడ్డవాళ్లు లేచి కత్తి దూస్తారా? ఇద్దరు దుప్పటి అంచులు పట్టుకుని వదులుగా వేలాడదీయండి, ఒక పచ్చి గుడ్డును దాని మధ్యకు గట్టిగా విసరమనండి. పగలదు. అదే గుడ్డు గోడకేస్తే ఏమవుతుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. వేగం రెండుసార్లూ ఒకటే, ఆగడానికి పట్టిన సమయమే వేరు. దుప్పటి గుడ్డును నెమ్మదిగా ఆపింది. డాలు ఆపలేదు.

"ఈగ" (2012) ఇంకా మంచిది. నాని ఈగైపోయి పగ తీర్చుకుంటాడు, మధ్యలో కసరత్తులూ చేస్తాడు. "ఈగ పదో అంతస్తు నుంచి పడితే చస్తుందా?" అని అడిగి చూడండి. ఒళ్లు చిన్నదయ్యేకొద్దీ బరువు తగ్గినంతగా ఒంటి వైశాల్యం తగ్గదు, అందుకే గాలే దాన్ని పట్టి ఆపుతుంది. ఆ మాట చెప్పకముందు ఒక కాగితాన్ని అలాగే, ఇంకోదాన్ని ఉండ చుట్టి వదలమనండి. ఈగ తన కాళ్లతో రుచి చూస్తుందని చెబితే పిల్లలు ఎలాగూ "ఛీ" అంటారు. లడ్డూమీద అది ఎందుకు నడుస్తుందో అప్పుడు తెలుస్తుంది. నాకు బాగా ఇష్టమైన సంగతి ఇది. సినిమా అంటే సెకనుకు 24 నిశ్చల చిత్రాలు. మన కంటికి అవి కలిసిపోయి కదలికలా కనిపిస్తాయి. ఈగ కన్ను సెకనుకు 200కు పైగా మినుకులను విడివిడిగా పట్టగలదు. అంటే "ఈగ" సినిమాను ఒక ఈగ చూస్తే దానికి కనిపించేది ఆగి ఆగి మారే ఫోటోల వరస. చెప్పుతో కొట్టబోతే అది ఎప్పుడూ ఎందుకు తప్పించుకుంటుందో పిల్లలను ఇక్కడి నుంచి ఆలోచించమనండి.

"మాయాబజార్" (1957)లో లడ్డూలు ఎగిరొచ్చి ఘటోత్కచుడి నోట్లో పడతాయి. వాళ్లెలా తీశారని అడక్కండి, "నీ ఫోన్‌తో నువ్వైతే ఎలా తీస్తావు?" అనండి. వీడియోను వెనక్కి నడిపే యాప్ తెలిసిన పిల్లలకు పది నిమిషాల పని. వెనక్కి నడిపినట్టు ఏయే పనుల్లో తెలిసిపోతుంది, ఏ పనుల్లో తెలియదు అన్నది ఆ తర్వాతి ప్రశ్న. ఊగే గడియారం లోలకంలో తెలియదు, ఒలికే పాలలో తెలుస్తుంది. అక్కడిదాకా వచ్చిన పిల్లలు భౌతికశాస్త్రంలో చాలా లోతైన చోటికి వచ్చినట్టు.

సూరత్ తెలుగు ఇళ్లకు మగ్గం వల్ల ఉన్న ఒక వీలు గురించి ఇప్పుడు చెప్పాలి. ముందు తెరతో మొదలుపెడదాం. ఫోన్ తెరమీద తెల్లటి బొమ్మ ఏదైనా పెట్టి, వెలుతురు పూర్తిగా పెంచి, అగ్గిపుల్ల కొసతో ఒకే ఒక చిన్న నీటిచుక్క పెట్టండి. పెద్దది పెడితే కారుతుంది, పనికిరాదు. కన్ను దగ్గరగా తెచ్చి చూడమనండి. చుక్క కింద తెలుపు ఉండదు. ఎర్రటివి, పచ్చటివి, నీలివి బుల్లి గీతలో గళ్లో మెరుస్తుంటాయి. నీటిచుక్క భూతద్దంలా పనిచేసి తెర గుట్టు బయటపెట్టింది. డోరేమాన్ నీలం, బాహుబలి కత్తి మెరుపు, అన్నీ ఈ మూడు రంగుల గళ్లు వెలగడం, ఆరడమే. చూశాక మెత్తటి గుడ్డతో తుడిచేయండి.

ఇప్పుడు మగ్గం దగ్గరికి తీసుకెళ్లండి. చీర అంచు డిజైన్ గీసిన గళ్ల కాగితం ఎక్కడైనా దొరుకుతుంది. ఒక్కో గడి అంటే ఒక పడుగు పోగు, ఒక పేక పోగు దాటే చోటు. ఏది పైన, ఏది కింద అన్నదే డిజైన్. 1804లో ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో జోసెఫ్ మరీ జకార్డ్ తయారుచేసిన యంత్రం ఆ గళ్లను అట్టముక్కల మీద చిల్లులుగా మార్చింది. చిల్లు ఉన్నచోట పోగు పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. ఉంది, లేదు. ఇంతకన్నా ఇంకో మాట ఆ అట్టకు రాదు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ 1830లలో లెక్కల యంత్రానికి ఆదేశాలివ్వడానికి ఈ చిల్లుల అట్టలనే అరువు తెచ్చుకున్నాడు. ఇవాళ ఎలక్ట్రానిక్ జకార్డులు వచ్చి డిజైన్ పెన్‌డ్రైవ్‌లో వస్తోంది గానీ సంగతి మారలేదు. పిల్లవాడికి గళ్ల నోటు పుస్తకం ఇచ్చి, ఒక నెమలినో, తన పేరులో మొదటి అక్షరాన్నో గళ్లు నింపి గీయమనండి. తర్వాత దాన్ని ఒక్కో వరసగా "ఒకటి, సున్నా, సున్నా, ఒకటి" అని పక్కగదిలో ఉన్న చెల్లెలికి చదివి వినిపించమనండి. ఆమె బొమ్మ చూడకుండా అదే బొమ్మ గీయగలిగితే, వీడియో ఫోన్‌లోకి ఎలా వస్తుందో ఇద్దరికీ సగం తెలిసినట్టే. కోడింగ్ క్లాసులకు వేలు కట్టేముందు ఈ పని ఒకసారి చేసి చూడండి. మగ్గం మోత మధ్య పెరిగిన పిల్లలకు కంప్యూటర్ పరాయిది కాదు, వాళ్ల నాన్న రోజూ చేసే పని నుంచి పుట్టిందే.

తెరతో సైన్సు చెప్పడం మనకు కొత్తేమీ కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఇస్రో "సైట్" అనే ప్రయోగం చేసింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6ను వాడుకుని ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపింది. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. గుజరాత్‌లోని అహ్మదాబాద్ భూకేంద్రం నుంచి ఆకాశానికెగిరిన తెలుగు మాటలు మన పల్లెల్లో దిగాయి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. సైన్సు ఎలా బోధించాలో బడిపంతుళ్లకు శిక్షణ కూడా ఆ టీవీల ద్వారానే ఇచ్చారు. ఊరికి ఒకే పెట్టె కాబట్టి చూసిందంతా అందరూ కలిసి చూశారు, వాదించుకున్నారు. ఇవాళ ఒక్కో మనిషికి ఒక్కో తెర. కనీసం సైన్సు వీడియో దగ్గరైనా ఇద్దరు పిల్లలకు ఒకే ఫోన్ ఇవ్వండి. కొట్లాట మంచిదే, ఇందులో సగం నేర్చుకోవడం ఆ కొట్లాటలోనే ఉంది.

సూరత్ సిటీ లైట్ ప్రాంతంలో నగరపాలక సంస్థ 2009లో కట్టిన సైన్స్ సెంటర్ ఉంది. ప్లానెటేరియం, మ్యూజియం, ఆర్ట్ గ్యాలరీ అన్నీ ఒకే ఆవరణలో. ఒక్కపూటలో అన్నీ చూపించేయాలని పరుగులు పెట్టించకండి. మూడు వస్తువులే చూడండి, ఒక్కోదాని దగ్గర ముందుగా పందెం వేయించండి.

యూట్యూబ్‌లో సూరత్ పిల్లలు గుడ్లప్పగించి చూసేవి డుమస్ బీచ్ దయ్యాల వీడియోలు. అక్కడి ఇసుక నల్లగా ఉంటుంది, కాలిన శవాల బూడిద కలిసిందని వాటిలో చెబుతారు. నవ్వి కొట్టిపారేయకండి, ఛానెల్ మార్చకండి. ఆదివారం బీచ్‌కు వెళ్లేటప్పుడు పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి తీసుకెళ్లండి. ఇసుకలో తిప్పకముందే అడగండి: "బూడిదైతే ఏమవ్వాలి? ఇనుప ఖనిజమైతే ఏమవ్వాలి?" ఒక ఊహను ఎలా పరీక్షించాలో ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. కవర్‌కు ఏదైనా అంటుకుంటే అయస్కాంతాన్ని బయటికి లాగి కాగితం మీద రాలనివ్వండి, ఇంటికి తెచ్చి పొట్లం కట్టి తేదీ వేయమనండి. ఏమీ అంటుకోకపోతే ఇంకోచోట తవ్వి చూడాలి, ఇంకో ఊహ వెతకాలి. దయ్యం వీడియో తీసినవాడు ఈ పని చేశాడా అని పిల్లలే అడుగుతారు.

పిల్లలు చూసేవాళ్లుగానే మిగిలిపోకుండా, తీసేవాళ్లు కూడా కావాలి. అందుకు సూరత్‌లో ప్రతి తెలుగు ఇంట్లోనూ ముడిసరుకుంది. 1994 సెప్టెంబరులో ఇక్కడ ప్లేగు అన్న వార్త పొక్కగానే లక్షలమంది రైళ్లెక్కి పారిపోయారు. మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ దొరకలేదు. జనం ముఖాలకు రుమాళ్లు కట్టుకున్నారు. మరుసటి ఏడాది ఎస్.ఆర్.రావు అనే ఐఏఎస్ అధికారి మునిసిపల్ కమిషనర్‌గా వచ్చి చెత్త ఎత్తించి ఊరి రూపే మార్చారు. ఆ రోజుల్లో ఇక్కడున్న తాతో, నానమ్మో, పక్కింటి పెద్దాయనో ఇంకా ఉంటారు. ఫోన్ నిలువుగా కాకుండా అడ్డంగా పట్టుకుని, కిటికీ వెలుగు వాళ్ల ముఖం మీద పడేలా కూర్చోబెట్టి, మూడు ప్రశ్నలు చాలు: జబ్బు ఎలా వస్తుందని అప్పుడు అనుకున్నారు? ఏం చేశారు? ఎందుకు పారిపోయారు, లేదా ఎందుకు ఉండిపోయారు?

తాత చెప్పేదాంట్లో సగం పుకారు ఉంటుంది. నీళ్లలో విషం కలిసిందనో, చెడుగాలి అనో అంటాడు. మధ్యలో అడ్డుపడి దిద్దొద్దని పిల్లలకు ముందే చెప్పండి, తర్వాత కత్తిరించనివ్వకండి. అదంతా అలాగే ఉండాలి. రెండో వీడియోలో పిల్ల తానే కెమెరా ముందుకొస్తుంది. ప్లేగు ఒక బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బని, ఎలుకల మీది ఫ్లీ పురుగుల ద్వారా వచ్చే రకం ఒకటుంటే, ఊపిరితిత్తులకు పట్టి దగ్గు తుంపరలతో మనిషి నుంచి మనిషికి అంటే రకం ఇంకొకటని, బ్యాక్టీరియా కాబట్టే టెట్రాసైక్లిన్ పనిచేసిందని, అదే మందు జలుబుకు ఎందుకు పనిచేయదో కూడా చెబుతుంది. పుస్తకం చూసి, సైన్సు టీచరును అడిగి, రెండు రోజులు తీసుకున్నా ఫర్వాలేదు. తాత ఏ మాట దగ్గర పొరబడ్డాడు, ఏ మాట దగ్గర సరిగ్గా పసిగట్టాడు అన్నది కూడా అందులో రావాలి. రుమాలు కట్టుకోవడం అలాంటిదే. రెండూ కలిపి ఐదు నిమిషాలు దాటకూడదు. అయిపోయాక మొదట తాతకే చూపించాలి, ఆయన ఒప్పుకోకపోతే మూడో వీడియో తీయాలి.